నాలుగో గుంత దగ్గర డాక్టరమ్మ

పెద్దపల్లి స్టేషన్లో కాజీపేట బండి కోసం నిలబడి ఉంటే ఎవరో వెనక నుంచి నా భుజం పట్టుకుని తిప్పారు. చూస్తే మల్లవ్వ. మా గనుల ఊరి ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఎన్నేళ్ళకు కనబడిందో! బాగున్నావా అని అడగలేదు, నెత్తి మీది మూట దించలేదు. "డాక్టరమ్మ పాయె గదమ్మా, నీకు ఎర్కలేదా?" అంది.

ఎర్కలేదు. ఎండాకాలంలోనే పోయిందట. కరీంనగర్లో తమ్ముడింట్లో పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే ఉండిపోయిందట. మిషన్ చర్చి పట్టనంత మంది వచ్చారట. మల్లవ్వ చెప్పుకుపోతుంటే నేను నోరు తెరుచుకుని వింటున్నాను. బండి వచ్చింది, పోయింది, నేను ఎక్కలేదు. చివరికి మల్లవ్వే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

ఆవిడ నాకు చుట్టం కాదు, స్నేహితురాలు అంతకన్నా కాదు. నిజం చెప్పాలంటే ఎదురెదురుగా కూర్చుని మేం మాట్లాడుకున్నది రెండే రెండుసార్లు. రెండుసార్లూ కొట్లాటే. అయినా ఆ మాట విని, ఎక్కవలసిన బండిని వదిలేశాను.

మంచిర్యాల దాటి అడవిలోకి పోతే వస్తుంది మా గనుల ఊరు. కొత్తగా కాపురానికి వెళ్ళిన మొదటి ఆదివారమే నేను అదిరిపడ్డాను. వాకిట్లో నిలబడి ఉన్నాను. యాభై ఏళ్ళ ఆడమనిషి, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని, ఇనప తలకాయ ఉన్న కర్ర ఒకటి భుజాన వేసుకుని నడిబజారులో నడిచిపోతోంది. వెనకాల ప్యాంట్లూ టోపీలూ వేసుకున్న ఆఫీసర్లు. నేను ఇంట్లోకి పరుగెత్తి, "ఎవలామె? ఎవల్ని కొట్ట పోతున్నది?" అని మా ఆయన్ని అడిగాను. గనిలో అసిస్టెంటు ఇంజనీరు ఆయన. కడుపు పట్టుకుని నవ్వాడు. "డాక్టరమ్మ. చర్చి అయిపోయింది, ఇగ గోల్ఫు" అన్నాడు.

హైదరాబాదు స్టేటు రోజుల్లో ఎవరో తెల్లదొర ఊరి బయట ఆ మైదానం వేయించాడట. దూరదూరంగా తొమ్మిది గుంతలు. కర్రతో చిన్న తెల్లబంతిని కొట్టుకుంటూ పోయి ఒక్కో గుంతలో పడేయాలి. ఎంత తక్కువ దెబ్బలతో పడితే అంత గొప్ప. మా నేలలో పచ్చగడ్డి నిలవదు కనక, గుంత చుట్టూ ఇసుక పోసి, యంత్రాల్లో వాడేసిన నూనె దానిలో కలిపి, రోలరుతో చదును చేసేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నానికి ఆ నూనె మరకలన్నీ మా ఆయన ప్యాంటు మీద ఉండేవి. ఎంత రుద్దినా పోవు. ఆ ఆటంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట.

దొర పోయాక మైదానం తుమ్మచెట్లు మొలిచి పాడైపోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక కొత్త ఆఫీసర్లు చేరి, బాగు చేయిద్దామన్నారు. ఎలా చేయించాలన్న దగ్గర వచ్చింది పేచీ. మేనేజరు గారికి అడ్డూ ఆపూ లేని వెడల్పాటి నేల కావాలి, బలం కొద్దీ కొట్టుకోవడానికి. అకౌంట్ల ఆయనేమో గుంతలన్నీ ఒకే దూరంలో ఉండాలి, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ ఉండకూడదని పట్టుబట్టాడు. అడవి రేంజరు, ఒక్క మోదుగ చెట్టు మీద గొడ్డలి పడినా క్లబ్బు గడప తొక్కనని లేచి నిలబడ్డాడు. మీటింగులో కుర్చీలు ఎత్తుకునేదాకా పోయిందట. డాక్టరమ్మ అంతసేపూ విని, "మీరు మైదానం ఎట్లుండాలె అని చెప్తలేరయ్యా. మీరు ఎసొంటోళ్ళో చెప్పుకుంటున్నరు" అందట. అందరూ ఎత్తిన కుర్చీలు దించారట. ఆ పని ఆవిడకే అప్పగించారు.

అప్పట్నుంచి ఆవిడకు ఆ పిచ్చి పట్టుకుంది. మనుషులు నాలుగు రకాలనేది. కొట్టుడుగాళ్ళు, లెక్కగాళ్ళు, సోకుగాళ్ళు, ఆగెటోళ్ళు. బలం చూపిస్తే చాలనుకునేవాళ్ళు కొట్టుడుగాళ్ళు. తనకు అన్యాయం జరుగుతోందేమోనని చూసుకునేవాళ్ళు లెక్కగాళ్ళు. ఆట ఎలా పోయినా చుట్టూ చెట్టూ చేమా బాగుండాలనే వాళ్ళు సోకుగాళ్ళు. గాలి ఎటు వీస్తోంది, నేల ఎటు వాలింది అని చూసుకుని, పనికొస్తే కొట్టి, లేకపోతే చుట్టు తిరిగి పోయేవాళ్ళు ఆగెటోళ్ళు. ప్రతి రకానికీ నచ్చే గుంత ఒకటైనా ఉండేలా మైదానం మలిచింది. "ఒక్కొక్కడు ఒక్క గుంత కాడన్న నవ్వాలె. మిగతా కాడ పక్కోడు నవ్వుతుంటే సూడాలె. గంతే గద ఆట" అనేది.

అడిగితే తప్ప ఎవరి రకం వాళ్ళకు చెప్పేది కాదు. అడిగితే మాత్రం మొహం మీదే చెప్పేది. మేనేజరు గారు ఒకసారి అందరి ముందూ మీసం తిప్పుతూ, "మరి నేనే రకం డాక్టర్ గారూ?" అని అడిగాడట. "మీరా సార్? కొట్టుడు. అందుకే మీ బంతి మస్తు దూరం పోతది, మీకే దొరకది" అంది. మా ఆయన ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుంటే నా చేతిలో గరిటె జారిపోయింది. మేనేజరు అంటే అప్పుడు మాకు దేవుడి తర్వాత దేవుడు!

ఆసుపత్రిలోనూ అంతే. నాడి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ, "అన్నంల ముందు పప్పు కలుపుకుంటవా, చారా?" అని అడిగేది. దానికీ రోగానికీ ఏం సంబంధమో ఎవరికీ తెలియదు. పురుడు పోసి, పుట్టిన పిల్లను తలకిందులుగా పట్టుకుని, అది ఏడ్చే తీరు చూసి, "లెక్కది. ముందుగాల అందర్ని సూసింది, ఎన్కసిరి ఏడ్చింది" అనేది. నొప్పులు పడి సోలిపోయిన తల్లి కూడా నవ్వేది. కత్తి పట్టుకునే ముందు మాత్రం కళ్ళు మూసుకుని, "ప్రభువా, జర నా చేతుల ఉండు" అని గట్టిగానే అడిగేది, పక్కింటివాళ్ళను అడిగినట్టు.

నాలుగో గుంత దగ్గర వాగు వంపు తిరిగి అడ్డం వస్తుంది. తిన్నగా నీళ్ళ మీది నుంచి కొడితే గుంత దగ్గరే. వాగు పక్కనే ఎడమవైపు నుంచి చుట్టి వస్తే దూరం, కానీ బంతి మునగదు. ఇది ఏ రకం వాళ్ళ కోసం అని అడిగితే, "గిది నా కోసం. ఈడ నిలబడితె మనిషి మొత్తం కనవడ్తడు" అనేది. ఆట ఆపి మరీ అక్కడ మనుషుల్ని చూసేదట.

ఇంతవరకూ వేడుకే. అయితే గనిలో పొగ కమ్మినప్పుడూ మంట లేచినప్పుడూ లోపలికి వెళ్ళి మనుషుల్ని తెచ్చే రెస్క్యూ దళం ఉంటుంది. దానిలో చేరాలంటే గుండె, ఊపిరి బాగున్నాయని డాక్టరమ్మ రాసివ్వాలి. ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు నాలుగో గుంత దగ్గరికి తీసుకుపోయేది. కర్ర చేతికిచ్చి, బంతి కింద పెట్టి, "కొట్టు. ఎట్ల పోతవో పో" అనేది. వాళ్ళలో చాలామంది ఆ కర్రను పుట్టినప్పటి నుంచీ ముట్టుకుని ఎరగరు. అయినా ఎవరూ కాదనలేదు. ఆవిడ ఒప్పుకున్న వాళ్ళు నిక్షేపంలాంటి మనుషులు అనేవాళ్ళు.

జమ్మికుంట వైపు నుంచి వచ్చిన రాజయ్య అని ఓవర్‌మన్ ఉండేవాడు. గనిలో ఒక షిఫ్టు మనుషులందరి పనీ చూసుకునే ఉద్యోగం. మాటలు తక్కువ మనిషి. ఆయన కర్ర పట్టుకుని వాగు వైపు చాలాసేపు చూసి, "అమ్మా, బంతి నీళ్ళల్ల పోతె ఎవలది నష్టం?" అని అడిగాడట. డాక్టరమ్మ నవ్వి "నీదే" అందట. "అయితె సుట్టు తిరిగే పోత" అని, చిన్న చిన్న దెబ్బలతో బంతిని గట్టు మీదనే తోసుకుంటూ పోయి గుంతలో వేశాడు. డాక్టరమ్మ ఆనందం చూడాలట! ఆగెటోడంటే ఈయన, ఇట్లాంటోడు మళ్ళీ దొరకడు అని ఊరంతా చెప్పుకుంది. రాజయ్యను దళానికి నాయకుణ్ణి చేశారు.

ఆ మర్నాడే మా ఆయన వెళ్ళాడు. మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో తిరిగొచ్చాడు. రాసివ్వలేదు అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ మొహం చూసి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అప్పటికప్పుడు చెప్పులేసుకుని ఆసుపత్రికి పోయాను.

"మా ఆయనకేం తక్కువైంది డాక్టరమ్మా? గుండె మంచిగ లేదా?"

"ఎద్దు గుండె. ఫికర్ చెయ్యకు బిడ్డా."

"మరి ఎందుకు రాయలే?"

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "వాగు మీదికెల్లే కొట్టిండు. బంతి మునిగింది. నవ్విండు. ఇంకోటి కొట్టిండు. అదీ మునిగింది. ఇంక ఎక్కువ నవ్విండు. గట్టు పొంటి పోవచ్చు సాబ్ అంటె నా దిక్కు గూడ సూడలే. మునుగుతున్నకొద్ది హుషారు! గసొంటోడు పొగలకు పోతె ఎనుకకు సూడడు. నా చేత్తోని నేను పంపియ్య."

"బంతాటకు పాణానికి ఏం సంబంధం?"

"పాణం కాడ మనిషి వేషం ఏస్తడు. ఆటల వెయ్యడు."

నా మొగుడు ఎలాంటివాడో నాకు చెప్పడానికి ఈవిడెవరు అని కడుపు మండిపోయింది. మల్లవ్వ తెచ్చిన చాయ్ అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ తర్వాత ఆవిడ బజారులో ఎదురైతే మొహం తిప్పుకునేదాన్ని. ఆవిడ మాత్రం "బాగున్నవా బిడ్డా" అని పలకరించే పోయేది. దానికీ ఒళ్ళు మండేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆ కూత వింటే గనుల ఊళ్ళో ఆడవాళ్ళకు చేతిలో ఏముంటే అది కింద పడుతుంది. పాత బొగ్గుపొరలో నిప్పు రాజుకుని పొగ కమ్మిందన్నారు. మిగతావాళ్ళందరూ బయటికొచ్చారు, బొగ్గు తొట్లు తోసే కూలీ ఒకడు లోపలే చిక్కుకున్నాడన్నారు. రాజయ్య దళం దిగింది. మా ఆయన పైన, గాలి పంపే ఫ్యాను దగ్గర ఉన్నాడు. మేమంతా ఆసుపత్రి ముందు వానలో నిలబడ్డాం.

తర్వాత దళంలోని వాళ్ళు చెప్పిందిది. వీపు మీది సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు ఉంటుంది. అది ఎర్రగీత దగ్గరికి వస్తే ఏం జరిగినా సరే వెనక్కి తిరగాలి. ముల్లు గీత మీదికి వచ్చింది. తిరగండని సైగ చేసింది రాజయ్యే. అందరూ తిరిగారు. అప్పుడు లోపల ఎక్కడో దగ్గు వినిపించిందట. అంతే, రాజయ్య ఒక్కడూ పొగలోకి పోయాడు. పట్టుకునేలోపే పోయాడు. ఆ కూలీని ఈడ్చుకొచ్చి దళం చేతుల్లోకి తోసి, అక్కడే కూలిపోయాడు.

ఇద్దర్నీ స్ట్రెచర్ల మీద తెచ్చారు. కూలీ దగ్గుతున్నాడు. రాజయ్యలో ఏ కదలికా లేదు. డాక్టరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. చేయవలసినవన్నీ చేసి, మళ్ళీ మణికట్టు పట్టుకుంది. అందరికీ అర్థమైపోయింది, కాంపౌండరు దుప్పటి తెచ్చి నిలబడ్డాడు, అయినా ఆవిడ వదల్లేదు. "ఈయన ఆగెటోడు" అంది. ఎవరితో అంటోందో తెలియలేదు. "నేనే గద సూసిన. సుట్టు తిరిగి పోయిండు. ఆగెటోడు ఈయన!"

రాజయ్య భార్య వానలో తడుస్తూ వచ్చింది. గుండెలు బాదుకుంటుందని మేం పట్టుకోబోయాం. ఆమె ఏడవలేదు. డాక్టరమ్మ మొహంలోకి వింతగా చూసింది.

"మా ఇంటాయన ఏనాడాగిండమ్మా? పోయినేడు పక్కింట్ల గుడిసె అంటుకుంటె మంటలకు దుంకి పోరన్ని ఎత్తుకచ్చిండు. ఈపంత కాలింది. మీరే గద మందు రాసిండ్రు?"

"మరి వాగు కాడ..." అంది డాక్టరమ్మ.

"అది కంపెనీ బంతి గదమ్మా! పోగొడితె జీతంల కోస్తరని భయపడ్డడు. ఇంటికచ్చి గూడ నాకదే చెప్పిండు, బంతి భద్రంగ ఒప్పజెప్పిన అని."

అక్కడ నిలబడ్డ మాకందరికీ కొరడాతో కొట్టినట్టయింది. డాక్టరమ్మ చేతిలోంచి మణికట్టు జారింది. పుస్తకాలు చదివిన మనిషి, వేలమంది నాడి చూసిన మనిషి, ఆఫీసర్లకు బంతి ఆటబొమ్మ అనీ, నెల జీతంతో ఇల్లు గడుపుకునేవాడికి అదే బంతి కంపెనీ సొత్తు అనీ ఒక్కసారైనా అనుకోలేదు. అనుకోనిది ఆవిడ ఒక్కతేనా? మా ఆయన అనుకోలేదు, నేను అనుకోలేదు, క్లబ్బంతా అనుకోలేదు. రాజయ్య భార్య పక్కన ఆవిడ నేల మీద కూలబడి, ఆమె కాళ్ళ మీద చేయి వేసింది. తెల్లచీర బురద బురదైపోయింది. నేను ఆ ఊళ్ళో అంతకు ముందూ ఆ తర్వాతా చాలా చావులు చూశాను. అంత భయం వేసింది ఆ రోజే. చావుకు కాదు, ఆవిడ మొహం చూసి.

తర్వాత ఆదివారం చర్చి నుంచి ఆవిడ నేరుగా ఇంటికి పోయింది. ఆ పై ఆదివారమూ అంతే. ఇంక మైదానం వైపు అడుగు పెట్టలేదు. పిల్లలు పుడుతూనే ఉన్నారు, ఏడుస్తూనే ఉన్నారు, ఆవిడ ఏ రకమనీ చెప్పడం మానేసింది. బాలింతలే వుండబట్టలేక అడిగితే, "పిల్ల మంచిగున్నది. గంతే" అనేది.

దళంలో రాజయ్య జాగా ఖాళీ అయింది. ఏం చేస్తాడు మా ఆయన? మళ్ళీ అర్జీ పెట్టాడు. ఆ మహానుభావుడు ఇప్పుడు రిటైరై పక్కగదిలో రేడియో పెట్టుకుని గురక పెడుతున్నాడు కాబట్టి ఇలా నింపాదిగా రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా కదల్లేకపోయాను. తిట్టాను, ఏడ్చాను, పుట్టింటికి పోతానన్నాను. "పోయి రా" అన్నాడు. ఇక నాకు మిగిలింది డాక్టరమ్మ ఒక్కతే. ఒకసారి కాదన్న మనిషి, ఇప్పుడు ఇంత దెబ్బ తిన్న మనిషి, రాసిస్తుందా? చచ్చినా రాయదు అనుకున్నాను.

పరీక్ష రోజున నేనూ ఆసుపత్రికి పోయాను. లోపల కాంపౌండరు మా ఆయన బరువు చూస్తున్నాడు. డాక్టరమ్మ తన గదిలో ఒక్కతే ఉంది. ఆ కొద్ది రోజుల్లోనే చిక్కి సగమైంది.

"రాయకుండ్రి డాక్టరమ్మా" అన్నాను. కూర్చోను కూడా లేదు.

"రాయమనే గద నాడు కొట్లాడినవ్."

"నాడు నాకు తెలివి లేదు. మీరు చెప్పింది నిజం. మా ఆయన కొట్టుడుగాడే! వాగు పొంగినా సైకిలు దిగడు. కరెంటు తీగ పట్టుకుని సూస్తడు ఉన్నదా పోయిందా అని. కాపురం చేస్తున్న, నాకెర్క లేదా? మీ రకాలు సత్తెం."

"ఆ రకాలు బంద్ చేసిన బిడ్డా" అంది. "గుండె సూస్త, ఊపిరి సూస్త. గంతవరకె నాకెర్క. అవి మంచిగుంటె రాస్త."

"ఎనుకకు సూడడని మీరే అన్నరు!"

"అన్న. ఆగెటోడని నేనన్న రాజయ్య గూడ ఎనుకకు సూడలే గద."

ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను కూర్చోమంది. కూర్చున్నాను. బల్ల మీద అరచేతులు పరిచి వాటినే చూసుకుంది.

"నీకు తమ్ముడున్నడా?"

"ఉన్నడు. కరీంనగర్ల సదువుకుంటుండు."

"వాడు లోపల పొగల చిక్కిండనుకో. ముల్లు ఎర్రగీత మీదున్నది. ఎనుకకు తిరగాలె. లోపట్నుంచి వాడు దగ్గుతుండు. ఈడ నిలబడ్డోడు ఎసొంటోడు ఉండాలె బిడ్డా? పరీక్షకు అడుగుతలేను. నాకు నిజంగ తెల్వక అడుగుతున్న."

ఎప్పుడూ ఎవరి రకం ఏమిటో తడుముకోకుండా చెప్పిన మనిషి, దీనంగా నా మొహంలోకి చూస్తూ అడుగుతోంది. నియమం తప్పనివాడు ఉండాలి అని చెప్పాలనుకున్నాను. చెబితే నా సంసారం నిలుస్తుంది. మాట పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ మా తమ్ముడి దగ్గు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చలికాలమంతా పక్కన పడుకుని విన్నదాన్ని.

"మా ఆయనసొంటోడు" అన్నాను.

నా గొంతే అది. విని నేనే నిర్ఘాంతపోయాను. డాక్టరమ్మ తల ఊపి, లోపలికి పోయి మా ఆయన గుండె, ఊపిరి చూసి వచ్చింది. కాంపౌండరు తెచ్చిన కాగితం తీసుకుని, కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, సంతకం పెట్టింది.